ఈకలు పీకకముందు

తుపాకీ పేల్చే ముందు, ఎదురుగా ఎగురుతున్నది ఏ పక్షో మీరు చెప్పగలరా? కాల్చి, కింద పడ్డాక, టార్చి వేసి చూసి చెప్పడం కాదు. ట్రిగ్గర్ మీదికి వేలు వెళ్ళకముందు చెప్పాలి. చెప్పలేకపోతే మీ జేబులో లైసెన్సు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. ఈ మాట మా డైనింగ్ టేబుల్ దగ్గర అంటే అందరూ నవ్వారు. అదే మాట వంటింట్లో అంటే ఇంటిగుట్టు బయటపెట్టిన కోడలినన్నారు. ఇప్పుడు మీ ముందు అంటున్నాను. మీరేమంటారో మీ ఇష్టం.

నేను ఉండేది విక్టోరియా రాష్ట్రానికి ఉత్తరాన, మెల్బోర్న్ నుంచి పొద్దున బయలుదేరితే మధ్యాహ్నం భోజనానికి చేరుకునే చిన్న ఊళ్ళో. హైస్కూల్లో సైన్సు చెబుతాను. మా ఆయన ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తారు. ఊరి చివర గోధుమ పొలాలు దాటితే ఒక పెద్ద మడుగు ఉంది. చుట్టూ జమ్ము, కిక్కిస లాంటి గడ్డి, నీళ్ళలో నిలబడి ఎండిపోయిన యూకలిప్టస్ మాన్లు. వానలు బాగా పడ్డ ఏడు అక్కడ పెద్దగా పక్షులు ఉండవు. దేశం లోపలి ఎడారుల్లో నీళ్ళు ఎండిపోయిన ఏడు మాత్రం ఎక్కడెక్కడి బాతులూ వచ్చి ఇక్కడ తలదాచుకుంటాయి. సరిగ్గా అప్పుడే, చలికాలం మొదలయ్యే ముందు, వేట సీజను తెరుస్తారు. తలదాచుకోవడానికి వచ్చిన చోటే తల పోతుందన్నమాట.

నా మరిది మెల్బోర్న్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేసేవాడు. మనిషి మంచివాడు, మాటకారి, పదిమందిని పోగేసి తిప్పడం అంటే మహా సరదా. ఒక శనివారం మా పెరట్లో బార్బీ పొయ్యి పెట్టుకుని, చికెన్ ముక్కలు తిప్పుతూ ప్రకటించాడు.

"ఉద్యోగం మానేశాను వదినా. టూర్లు మొదలుపెడుతున్నా. వేట టూర్లు."

"ఏం వేట?"

"బాతులు. సిడ్నీలో కాల్చనివ్వరు, పెర్త్‌లో కాల్చనివ్వరు, క్వీన్స్‌లాండ్‌లో కాల్చనివ్వరు. అక్కడ మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో తెలుసా? తుపాకులు కొనుక్కుని బీరువాలో పెట్టుకుని కూర్చున్నారు. వాళ్ళందరినీ ఇక్కడికి తీసుకొస్తా. మీ మడుగు దగ్గర క్యాంపు, మంట, ఆంధ్రా భోజనం. ఉగాది స్పెషల్."

"మూడు రాష్ట్రాలు వద్దన్న పనిని నాలుగో రాష్ట్రంలో పండగ చేస్తావా?"

"వేట మన రక్తంలో ఉంది వదినా. మా తాత కొల్లేట్లో పరజ బాతులు కొట్టాడు."

"మీ తాతగారు తుపాకీతో కొట్టారు కాబట్టి అది కథ అయింది. అదే కొల్లేట్లో తిండి కోసం వల వేసినవాడి మీద కేసయింది. రక్తం ఇద్దరిదీ ఎర్రగానే ఉండి ఉంటుంది."

మా ఆయన నవ్వు ఆపుకోలేక ఉల్లిపాయలు తెస్తానని లోపలికి వెళ్ళిపోయారు. మరిది కూడా నవ్వాడు. "నీతో డిబేట్ పెట్టుకోకూడదు వదినా" అన్నాడు. కానీ వాడి కళ్ళలో ఆశ కనబడింది. ఇంకొకడి కింద పనిచేయకుండా ఈ దేశంలో సొంతంగా నిలబడాలని వాడికి ఎన్నాళ్ళుగానో ఉంది. మొదటి టూరు బాగా నడిస్తే ప్రతి ఏడూ నడుస్తుంది. అది చెడితే మళ్ళీ పాత కుర్చీలోకే. ఈ సంగతి నాకు మొదటి రోజు నుంచీ తెలుసు. తెలియక చేశానని ఎవరూ అనుకోకూడదనే చెబుతున్నాను.

నేను పెరిగింది తెనాలి దగ్గర. మా పేటలో ఆదివారం ఆదివారం చర్చా వేదిక ఉండేది. దేవుడు ఉన్నాడా, కులం పోతుందా, దయ్యం పట్టినవాడికి వైద్యుడు కావాలా భూతవైద్యుడు కావాలా, ఇలాంటివన్నీ అక్కడ తెగేదాకా వాదించుకునేవాళ్ళం. అక్కడ ఒకటే నిబంధన. ఎదుటివాడి వాదాన్ని వాడే తల ఊపేంత బాగా ముందు నువ్వు చెప్పాలి. ఆ తరవాతే నీకు ఖండించే హక్కు. అలా చెప్పలేనివాళ్ళను బల్ల మీద కొట్టి కూర్చోబెట్టేవారు. ఆ నిబంధన ఇప్పటికీ నాకు వదల్లేదు.

అందుకని ముందు మరిది వాదం చెబుతాను. ఇక్కడ బాతుల వేట చట్టబద్ధం. సీజను ఇంత, రోజుకు ఇన్ని పక్షులు, ఫలానా జాతులే అని ప్రభుత్వం ఏటా నిర్ణయిస్తుంది. చాలామంది వేటగాళ్ళు మడుగులు బాగుచేసే పనుల్లో చెమటోడుస్తారు. వేటకు వచ్చినవాళ్ళ వల్ల ఊళ్ళో మోటెలు నిండుతుంది, పెట్రోలు బంకు నడుస్తుంది. పంజరంలో పుట్టి పంజరంలో చచ్చే కోడిని తినేవాడికి, ఆకాశంలో బతికి ఒక్క దెబ్బకు చచ్చే బాతు గురించి కన్నీళ్ళు పెట్టే అర్హత లేదు. పక్షులు తగ్గిపోతున్నది తుపాకుల కంటే ఎక్కువగా, నదుల నీళ్ళు మళ్ళించి మడుగులు ఎండగట్టడం వల్ల.

ఇందులో చాలావరకు నిజమే. నేను మాంసం తింటాను. ఆ రోజు బార్బీ మీద ఉన్న కోడి ముక్కల్లో నా వాటా నేను తిన్నాను. మడుగులు ఎండగట్టినవాళ్ళ మీద కోపం నాకూ ఉంది. అయితే ఈ వాదం మొత్తం ఒకే ఒక్క కొయ్య మీద నిలబడింది. తుపాకీ పట్టినవాడికి పక్షి తెలుసు అనే కొయ్య. ఇది కాల్చవచ్చు, అది కాల్చకూడదు అని చట్టం రాసింది. ఆ రెంటికీ తేడా తెలియనివాడి చేతిలో ఆ చట్టం చిత్తుకాగితం. అందుకే ఇక్కడ బాతులను వేటాడాలంటే ముందు పక్షులను గుర్తుపట్టే పరీక్ష పాసవ్వాలి. వీడియోలో పక్షి ఎగురుతుంది. అది ఏదో చెప్పాలి.

పరీక్ష అన్నాక మనవాళ్ళు ఏం చేస్తారో నేను చెప్పాలా?

సీజనుకు ముందు ఒక వారాంతం టూరు జనం పరీక్ష కోసం వచ్చారు. బస మా ఇంట్లోనే. సిడ్నీలోని ద పాండ్స్ నుంచి ఒక పెద్దాయన. బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి మానేశాడు. అందరూ ఆయన్ని అంకుల్ అనేవారు, నేను మాత్రం అన్నయ్యగారూ అనేదాన్ని. క్వీన్స్‌లాండ్‌లోని టూవూంబా నుంచి ఒక డాక్టరు. పెర్త్‌లోని కానింగ్ వేల్ నుంచి గోడౌన్లు నడిపే ఇద్దరు మిత్రులు. చదువుకోవడానికి ఇచ్చిన వీడియోలను మరిది మా టీవీలో పెట్టాడు. పరీక్షలోనూ చాలావరకు ఇవే వస్తాయని వాళ్ళ నమ్మకం. వాడు దానికి ఒక బిట్ బ్యాంకు తయారుచేశాడు. నేను టీ కప్పులు పట్టుకుని గుమ్మంలోకి వచ్చేసరికి క్లాసు జోరుగా నడుస్తోంది.

"అంకుల్, పిట్టని చూడకండి. పిట్టని చూస్తే కన్‌ఫ్యూజ్ అయిపోతారు. వెనకాల చూడండి. ఎండు చెట్టు రెండుగా చీలి ఉందా? గ్రే టీల్. టిక్ పెట్టెయ్యండి."

"చెట్టు లేకపోతే?" అన్నాడు అంకుల్.

"చెట్టు లేదు, నీళ్ళు తళతళా మెరుస్తున్నాయి. అయితే హార్డ్‌హెడ్. కెమెరా కొంచెం వణికిందా? బ్లాక్ డక్. కళ్ళు మూసుకుని పెట్టెయ్యొచ్చు."

"ఎంబీబీఎస్ ఎంట్రన్సుకి నీలాంటివాడు దొరికుంటే నాకు ఉస్మానియాలో సీటొచ్చేది" అన్నాడు డాక్టరు. అందరూ పగలబడి నవ్వారు.

నేను టీలు టేబుల్ మీద పెట్టాను. "బాగుంది. రేపు మడుగులో ఆ చీలిన చెట్టును ఎవరు పట్టుకుని నిలబడతారు?"

"వదినా, నువ్వు టీచరమ్మవి. నీకు సిలబస్ కావాలి. మాకు పాస్ కావాలి."

"వీడియోలో ఎగిరినట్టే రేపూ ఎడమ నుంచి కుడికి ఎగరమని పక్షికి చెప్పగలవా?"

"చెబుతా. వినకపోతే కాలుస్తా."

మళ్ళీ నవ్వులు. నాకు నవ్వు రాలేదు. ఇది వాళ్ళు కొత్తగా నేర్చుకున్న తెలివి కాదు. ముఖ్యమైన ప్రశ్నలు, గైడు, బిట్ బ్యాంకు, ఆప్షన్ సి. చదువును మనం అలాగే దాటుకుంటూ సముద్రాల ఇవతలకు వచ్చాం. పరీక్షలో తప్పు టిక్కు పెడితే ఒక మార్కు పోతుంది. ఇక్కడ తప్పు టిక్కు పెడితే ఒక ప్రాణి పోతుంది. ఆ తేడా వాళ్ళకు నేను చెప్పాను. అంకుల్ చాలా మర్యాదగా, "నిజమే చెల్లెమ్మా, ఇంకో బిస్కెట్ ఉందా?" అన్నాడు.

ఆ సాయంత్రం అందరినీ బలవంతంగా మడుగు దగ్గరికి తీసుకెళ్ళాను. ఒకటే బైనాక్యులర్. వంతులవారీగా ఇచ్చి అడిగాను. నల్ల హంసను కూడా డాక్టరు ముందు బాతు అన్నాడు. సిగ్గుపడి దిద్దుకున్నాడనుకోండి. మిగతావాళ్ళు అయిదు నిమిషాలకే ఫోటోలు దిగడం మొదలుపెట్టారు. నేను మరిదిని పక్కకు పిలిచి బైనాక్యులర్ చేతిలో పెట్టి, అవతలి ఒడ్డున కిక్కిస నీడలో తేలుతున్న ఒక గుంపును చూపించాను.

"అవేంటో చెప్పు."

"బ్లాక్ డక్స్."

"సరిగ్గా చూడు. బ్లాక్ డక్ మొహం లేత రంగు, దాని మీద నల్లటి చారలుంటాయి. వీటికి చారలు లేవు. ఒళ్ళంతా ముదురు బూడిదరంగు, దానిమీద రవ్వ చల్లినట్టు సన్న చుక్కలు. తల వెనక చిన్న గోపురంలా లేచి ఉంది. ముక్కు కొస గరిటెలా పైకి తిరిగి ఉంది. ఫ్రెకిల్డ్ డక్ అంటారు. అరుదైనవి. కాల్చడం నేరం. ఎడారిలో నీళ్ళు లేక ఇక్కడికొచ్చాయి."

నేను వాటిని చుక్కల బాతులంటాను. పెద్దగా అరవవు. అలికిడైతే లేచి దూరంగా పారిపోకుండా అదే నీళ్ళ మీద చక్కర్లు కొడతాయి. తుపాకీ ముందు అంతకంటే అమాయకమైన అలవాటు ఇంకొకటి లేదు.

"ఈ ఏడు ఇక్కడికి వద్దు" అన్నాను. "వాళ్ళని ఏ క్లే షూటింగ్ క్లబ్బుకో తీసుకెళ్ళు. మట్టి పలకలు కాలుస్తారు, సరదా తీరిపోతుంది."

"బుకింగులు అయిపోయాయి వదినా. గైడుని నేనున్నాగా. నేను చెప్పందే ఎవడూ కాల్చడు."

మర్నాడు పరీక్షలో అందరూ పాసయ్యారు. మంచి మార్కులొచ్చాయట. మైసూర్ పాక్ పెట్టె మా ఇంటికి కొరియర్‌లో వచ్చింది.

టూరు వచ్చింది. శనివారం పట్టపగలు ఏవో కొట్టుకున్నారు, క్యాంపులోనే వండుకున్నారు. పలావు వాసన రోడ్డు దాకా వచ్చింది. ఆదివారం చివరి వేట. సాయంత్రం ఎండ పల్చగా, పక్షుల రంగులు స్పష్టంగా కనబడే వేళ ఒకటి ఉంటుంది. ఆ వేళకు నీళ్ళ దగ్గర ఉండాల్సిన మనుషులు క్యాంపులోనే కుర్చీలేసుకుని కూర్చున్నారు. ఎందుకో తెలుసా? ఆదివారం సాయంత్రం రాహుకాలం. అంకుల్ పట్టుబట్టాడు. రాహువు దక్షిణార్ధగోళంలో కూడా డ్యూటీ చేస్తాడని ఆయనకు ఫోన్లో పంచాంగం యాప్ చెప్పింది. అది దాటేసరికి పొద్దు కుంకింది. చట్టం ఇచ్చిన వ్యవధి ఇంకా కాస్త మిగిలి ఉంది. ఆ మిగిలిన మసకలో పరుగెత్తుకుంటూ నీళ్ళలోకి దిగారు. రాహుకాలం చూసుకున్నారు గానీ వెలుతురు చూసుకోలేదు.

లైసెన్సు లేనివాళ్ళు ఆ వేళలో వేట జరిగే చోటికి వెళ్ళకూడదు. నేను చాలా దూరంగా, కంచె ఇవతల రోడ్డు మీద నిలబడ్డాను. తుపాకులు పేలాయి. మడుగు మొత్తం ఒక్కసారిగా లేచింది. హంసలు, కొంగలు, గులాబి రంగు చిలకలు, అన్నీ ఎటు వీలైతే అటు పోయాయి. ఒక చిన్న గుంపు మాత్రం పోలేదు. నీళ్ళ మీద కిందుగా చక్కర్లు కొట్టింది. అంత దూరం నుంచి, అంత మసకలో, ఆ చక్కరు చూసి నాకు అర్థమైంది. "ఆపండి" అని తెలుగులో అరిచాను. ఇంగ్లీషులో అరిచాను. తుపాకుల చప్పుడులో నా గొంతు నాకే వినబడలేదు.

ఇంటికి వచ్చి కూర్చున్నానో లేదో మరిది కారు ఆగింది. వెనకే అంకుల్. మరిది చేతిలో గుడ్డసంచి. ముఖం వెలిగిపోతోంది. మా అత్తగారింట్లో ఒక ఆనవాయితీ ఉంది. ఇంట్లో మగపిల్లలు మొదటిసారి ఏది సంపాదించి తెచ్చినా పెద్ద వదిన చేతిలో పెడతారు. మొదటి జీతం తెచ్చినరోజు కూడా వాడు కవరు నా చేతిలోనే పెట్టాడు.

"మొదటి టూరు వదినా. మొదటి కానుక నీకే. అలక మాని ఒక మంచి కూర వండు. అంకుల్ కొట్టాడు, ఒక్క షాట్!"

సంచి సింకులో బోర్లించాను. రెండు గ్రే టీల్ బాతులు పడ్డాయి. మూడోది పడింది. వంటింటి లైటు కింద దాని ఒంటి మీద సన్న చుక్కలు రవ్వలా మెరిశాయి. ముక్కు కొస గరిటెలా పైకి తిరిగి ఉంది.

"ఇదేమిటి?" అన్నాను.

మరిది వంగి చూశాడు. వాడి ముఖంలో వెలుగు పోయింది. తెలిసింది వాడికి. మడుగు ఒడ్డున నేను చూపించినదే.

"బ్లాక్ డక్... కదా అంకుల్?"

"బ్లాక్ డక్కే. మరి అక్కడ చెట్టూ లేదు, నీళ్ళ మెరుపూ లేదు" అన్నాడు అంకుల్ అయోమయంగా. ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఆయనకు నిజంగానే తెలియదు. అదే నన్ను ఎక్కువ మండించింది.

మరిది తలుపు దగ్గరగా వేశాడు. గొంతు తగ్గించాడు. "వదినా, ఈకలు పీకేస్తే అన్నీ బాతులే. పొయ్యి మీద పెట్టెయ్. అయిపోతుంది."

"అందుకే పీకను."

"అయితే ఇటివ్వు. తీసుకెళ్ళి బురదలో పాతేస్తా. ఎవరికీ తెలీదు."

"నాకు తెలుసు. నీకు తెలుసు."

"మనింటి విషయం వదినా ఇది! నా టూరు పోతుంది. అంకుల్ లైసెన్సు పోతుంది. తెల్లవాళ్ళ ముందు మనవాళ్ళ పరువు పోతుంది. ఒక్క పిట్ట కోసమా?"

"ఒక్క పిట్ట అని నువ్వెలా చెప్పగలవు? నీళ్ళలో ఇంకెన్ని పడ్డాయో, కిక్కిసలో ఎన్ని రెక్క విరిగి కూర్చున్నాయో నీకు తెలుసా? వచ్చే ఏడు ఇంకో బస్సు తెస్తావు. వాళ్ళకూ చెట్టు చూసి టిక్ పెట్టడం నేర్పిస్తావు. పరువు గురించి చెబుతున్నావు. ఈకలు పీకి దాచుకునేదాన్ని పరువు అనరు."

అంకుల్ కుర్చీలో కూలబడ్డాడు. "చెల్లెమ్మా, నేను కావాలని చెయ్యలేదమ్మా" అన్నాడు. నాకు ఆయన మీద జాలి కలగలేదని చెబితే అబద్ధం. మంచినీళ్ళు ఇచ్చాను. "కావాలని చెయ్యలేదని అధికారికి చెప్పండి అన్నయ్యగారూ. నేనూ చెబుతాను. కానీ మీరే చెప్పాలి."

మరిది గుమ్మంలో నిలబడ్డ మా ఆయన వైపు తిరిగాడు. "అన్నయ్యా, నువ్వైనా చెప్పు."

మా ఆయన వచ్చి సింకులోకి వంగి చూశారు. తమ్ముడిని ఎత్తుకుని పెంచిన మనిషి. తరవాత గరాజ్‌లోకి వెళ్ళి ఎస్కీ పెట్టె తీసుకొచ్చి, అందులో ఐసు పోసి, "ఇందులో పెట్టు, పాడైపోకుండా" అన్నారు. మరిది వెళ్ళిపోయాడు. ఈసారి తలుపు దగ్గరగా వెయ్యలేదు, ధడాలున వేశాడు.

వాళ్ళు కారెక్కకముందే వేట వ్యవహారాలు చూసే అధికారులకు ఫోన్ చేశాను. వాళ్ళు వినేలాగానే చేశాను. వీధి గుమ్మంలో నిలబడి, ఊరి పేరు, మడుగు పేరు, పక్షి పేరు, నా పేరు, నా మరిది పేరు చెప్పాను. పేరు చెప్పకుండా చేసే ఫిర్యాదు మీద నాకు గౌరవం లేదు.

మర్నాడు పొద్దున అధికారి వచ్చి బాతును తీసుకెళ్ళింది. ఆ పొద్దే నేనూ నలుగురైదుగురు ఊరివాళ్ళమూ అనుమతి ఉన్న వేళకు మడుగులోకి దిగి వెతికాం. కిక్కిసలో మరో చుక్కల బాతు దొరికింది. బతికే ఉంది, కానీ రెక్కలో ఎముక నుజ్జయింది. పశువైద్యుడు చూసి తల అడ్డంగా ఊపి, బాధ లేకుండా పోయే సూది వేశాడు. వేటలో చచ్చినవి లెక్కలోకి వస్తాయి. ఇలా పొదల్లో మూలిగేవి ఎవరి సంచిలోకీ రావు గనుక ఎవరి లెక్కలోకీ రావు. ఈ సంగతి ఏ బిట్ బ్యాంకులోనూ ఉండదు.

అంకుల్ వెళ్ళి చేసింది ఒప్పుకున్నాడు. జరిమానా పడింది, తుపాకీ లైసెన్సు పోయింది. మరిది టూరు ఆగింది. వాడు మళ్ళీ ఉద్యోగంలో చేరాడు. నాతో మాట్లాడడు. తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో నా గురించి చాలా రాశారు. ఇంటి కోడలు ఇంటివాడిని పోలీసులకు పట్టించిందన్నారు. మనవాళ్ళు పైకి వస్తుంటే ఓర్వలేని మనిషినన్నారు. తెల్లవాళ్ళ మెప్పు కోసం చేశానన్నారు. చివరిదానికి మాత్రం జవాబిచ్చాను. ఆ రోజు మడుగులో తుపాకులు పట్టినవాళ్ళలో ఎక్కువమంది తెల్లవాళ్ళే. వాళ్ళ మీద కూడా ఇదే ఫోన్ చేస్తాను. పక్షిని కాల్చిన వేలు ఏ రంగుదో నేను చూడను.

ఇంకోవైపు నుంచి పొగడ్తలు వచ్చాయి. అవి మరీ చిరాకు పెట్టాయి. మెల్బోర్న్‌లో ఒక గుడి కమిటీ పెద్దమనిషి ఫోన్ చేసి, "మహాపాపం ఆపారమ్మా, వచ్చే నెల శాలువా కప్పుతాం, అహింస మీద నాలుగు మాటలు చెప్పండి" అన్నాడు.

"నేను మాంసం తింటానండీ" అన్నాను.

"అది... ఆ విషయం మనం స్టేజీ మీద చెప్పుకోనక్కర్లేదమ్మా."

"చెప్పుకోవాలండీ. పాపం అని ఊరుకుంటే గుళ్ళో దండం పెట్టి కడిగేసుకోవచ్చు. ఇది పాపం కాదు, అజ్ఞానం. దండంతో పోదు. మీ పిల్లల్ని ఒక ఆదివారం గుడికి బదులు మడుగుకు పంపండి. బైనాక్యులర్ నేనిస్తాను."

శాలువా రాలేదు. పిల్లలు కూడా రాలేదు. అందుకని ఆ ఆహ్వానం ఇంకా తెరిచే ఉంది.

ఇప్పుడు ఇది ఎందుకు రాస్తున్నానో చెబుతాను. మొన్న మా ఆయన ఫోన్లో ఒక పోస్టరు చూపించారు. కొత్త టూరు, వేరే మనుషులు, అదే మడుగు. ఉగాది స్పెషల్. అడుగున, "పరీక్ష గ్యారంటీ, కోచింగ్ ఉచితం" అని ఉంది. మరిదే పంపించాడట, కింద ఒక ముక్క రాసి: "వదినని ఈసారి ఇందులో తలదూర్చొద్దని చెప్పు. మళ్ళీ మన కుటుంబం పేరు బయటికి రాకూడదు."

తలదూరుస్తాను. ఈ ఏడు కూడా ఎడారిలో వానలు లేవు. చుక్కల బాతులు మళ్ళీ వచ్చాయి. నిన్న సాయంత్రం చూశాను. గుంపు పల్చబడింది. నాకు నచ్చజెప్పాలనుకునేవాళ్ళు వచ్చి, వాటిలో ఒక్కదాన్ని చూపించి దాని పేరు చెప్పి, తరవాత వాదించండి. మా వేదిక నిబంధన అదే. మీ వాదం నేను ముందే చెప్పేశాను కదా, ఇప్పుడు నా వాదం మీరు చెప్పగలరేమో చూద్దాం.

మీరు ద పాండ్స్‌లో ఉండండి, టూవూంబాలో ఉండండి, కానింగ్ వేల్‌లో ఉండండి, హైదరాబాదు నుంచి చుట్టపుచూపుగా రాబోతూ ఉండండి. ఆ పోస్టరు మీ ఫోన్లోకి వస్తుంది. దాన్ని ఇంకొకరికి పంపకండి. బుక్ చేసి ఉంటే ఈరోజే రద్దు చేసుకోండి. వెళ్ళక తప్పదనుకుంటే, "ఆ మడుగులో కాల్చకూడని పక్షులేవి, మసకలో వాటిని ఎలా గుర్తుపడతావు?" అని గ్రూపులో అందరి ముందూ అడగండి. జవాబు రాకపోతే మీ పక్కవాణ్ణి కూడా ఆపండి. మీ కళ్ళముందు తప్పు పక్షి నేలకూలితే, కాల్చినవాడు మీ తమ్ముడైనా, బావమరిదైనా, మీ స్టేజీ మీద శాలువా కప్పించుకున్న పెద్దమనిషైనా, ఎవరూ ఈకలు పీకకముందే ఫోన్ తీయండి. మీ పేరు చెప్పి మాట్లాడండి.